ఊరు విడిచి వెళ్లే ముందు స్కూటర్‌ను ఎలా భద్రపరచాలి: గోదావరి జిల్లాల వాళ్లకు

కువైట్ వీసా వచ్చింది. లేదా అమెరికాలో ఉన్న అమ్మాయికి పురుడు, ఆరు నెలలు అక్కడే ఉండాలి. కొబ్బరి తోట కౌలుకిచ్చేస్తారు, గేదెను చుట్టాలింటికి తోలేస్తారు, గ్యాస్ బండ కట్టేస్తారు. స్కూటర్ మాత్రం చివరి రోజు సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ రాత్రి దాన్ని అరుగు మీదకు ఎక్కించి, సైడ్ స్టాండ్ వేసి, పైన ఓ ప్లాస్టిక్ పరదా కప్పేసి బయల్దేరిపోతారు. సంక్రాంతికి తిరిగొచ్చేసరికి సెల్ఫ్ నొక్కితే చప్పుడు ఉండదు, వెనక చక్రం తిరగనంటుంది, సీటెత్తితే ఎలుకల సంసారం. మెకానిక్ రాసిచ్చిన చీటీ చూస్తే పండగ ఖర్చంతా అక్కడే కనిపిస్తుంది.

రాయలసీమలో ఎండిన షెడ్డులో పెట్టిన బండికి, అమలాపురంలోనో పాలకొల్లులోనో పెట్టిన బండికి చాలా తేడా ఉంటుంది. మనకు చుట్టూ కాలువలు, చేలు, చెరువులు. జూన్‌లో ముసురు మొదలైతే నవంబరు తుపాన్లు వెళ్లేదాకా గాలిలో తడి తగ్గదు. కింద రాసిన పనులన్నీ దాదాపుగా ఆ తడిని బండిలోకి చేరనివ్వకుండా చేయడానికే. ఎందుకు చేస్తున్నామో తెలిస్తే, మీ బండికి ఏ పని అక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకోండి

మీరు వెళ్తున్నారని తెలియగానే ఎవరో ఒకరు అంటారు: "ఆయ్, మీరెళ్లి రండి బావగారూ, వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచుతానుగా!" మంచి మనసుతో అన్న మాటే. కానీ బండికి దీనికంటే చెరుపు ఇంకోటి లేదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి పది కిలోమీటర్లు పరిగెత్తితే ఇంజన్ వేడికి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. నిలబెట్టి రెండు నిమిషాలు ఆడించి ఆపేస్తే చాలా ఆవిరి సైలెన్సర్‌లోనూ, ఇంజన్ ఆయిల్‌లోనూ నీరై మిగిలిపోతుంది. పైగా సెల్ఫ్ ఒకసారి లాగిన ఛార్జిని ఆ రెండు నిమిషాల్లో బ్యాటరీ తిరిగి తెచ్చుకోలేదు. ఇలా ఆరు నెలలు చేస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది.

కాబట్టి ఉన్నవి రెండే దారులు. లైసెన్సు ఉన్న నమ్మకమైన మనిషి పదిహేను రోజులకోసారి పది పదిహేను కిలోమీటర్లు నిజంగా తిప్పగలిగితే ఆయనకు ఇచ్చేయండి, ఈ వ్యాసంతో మీకు పనిలేదు. అలాంటివాళ్లు లేకపోతే బండిని పూర్తిగా నిద్రపుచ్చి, తిరిగొచ్చేదాకా ఎవరినీ స్టార్ట్ చేయవద్దని గట్టిగా చెప్పండి.

నెలలోపు ప్రయాణానికైతే ఇంత హడావుడి అక్కర్లేదు. ట్యాంకు నింపండి, టైర్లలో గాలి చూడండి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, చాలు. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు అనుకునేవాళ్లు ముందుకు చదవండి.

ఎక్కడ పెట్టాలి

అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. మిగతావన్నీ సరిగ్గా చేసి, చోటు తప్పుగా ఎంచుకుంటే చేసిందంతా వృథా.

లంకల్లోనూ, ఏటిగట్టు లోపలి ఊళ్లలోనూ ఉండేవాళ్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా బండిని ఇంటి దగ్గర ఉంచకపోవడమే మేలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు మన దగ్గరికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మీరు ఊళ్లో ఉంటే ఆ ఒక్క రోజు చాలు, బండిని గట్టు మీదకు చేర్చేస్తారు. మీరు మస్కట్‌లో ఉంటే, బ్యాటరీ తీసేసి పెట్రోలు వంచేసిన బండిని తోసుకుంటూ కాజ్‌వే దాటించే ఓపిక ఎవరికుంటుంది? గట్టు అవతల మెరక మీద ఉన్న చుట్టాలింట్లోనో, పట్నంలో తెలిసినవాళ్ల స్లాబ్ ఇంటి కిందనో ముందే మాట్లాడుకోండి.

వరద భయం లేని ఊళ్లలో కూడా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

కొబ్బరి చెట్టు కింద వద్దు. కాయ పడితే హెడ్‌లైటు, మట్ట పడితే అద్దాలు. మామిడి చెట్టు కింద జిగురు కారి పెయింటు పాడవుతుంది.

ఎరువుల బస్తాలు పెట్టే గదిలో వద్దు. యూరియా, డీఏపీ తడిని పీల్చుకుని చుట్టుపక్కల ఇనుమును తినేస్తాయి. రొయ్యల చెరువులున్నవాళ్లు బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. దాని నుంచి వచ్చే క్లోరిన్ గాలికి నట్లు, బోల్టులు, వైర్ల కనెక్టర్లు పచ్చబారిపోతాయి. భీమవరం వైపు ఇళ్లలో సందు గది అంటే అదే స్టోరు, అదే షెడ్డు. బండికి కాకపోతే బ్లీచింగ్‌కైనా వేరే చోటు చూడండి.

గడ్డివాము పక్కన, ధాన్యం బస్తాల దగ్గర, కొబ్బరికాయల రాశి పక్కన వద్దు. ఎలుకలు అక్కడే ఉంటాయి. ఎలుకల వెనక ఏం వస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

వంటింటి పక్క గది, దీపం వెలిగే గది అస్సలు వద్దు. ట్యాంకు మూత ఎంత బిగించినా పెట్రోలు ఆవిరి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది.

సావిడి, వరండా, కార్ షెడ్డు, ఏదైనా సరే పైన కప్పు ఉండాలి, పక్క నుంచి జల్లు కొట్టకూడదు, గాలి ఆడాలి. వానాకాలంలో గచ్చు చెమరుస్తుంది కదా, కాబట్టి చక్రాల కింద, స్టాండు కింద చెక్క పలకలు వేయండి. ఇటుకలు వద్దు, అవి నీటిని పీల్చుకుని అక్కడే ఉంచుతాయి.

చివరి తిరుగుడు రోజు: పెట్రోలు, ఆయిల్, గాలి

ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు ఈ మూడింటికీ ఒకేసారి బయటికి వెళ్లండి.

పెట్రోలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత అలవాట్లు ఇప్పుడు పనికిరావు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి ఉంటుంది. పగలు వేడికి అది బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే కొత్త గాలి తడితో సహా లోపలికి వస్తుంది. నెలల తరబడి ఇదే వరస. తేమ ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు పెట్రోలు వెళ్లేది కూడా ఆ అడుగు నుంచే. రేకు ట్యాంకైతే అడుగున తుప్పు మొదలవుతుంది. ఇది చాలదన్నట్టు రెండు మూడు నెలలు దాటిన పెట్రోలు పాతబడి, జిగురులా మారి, సన్నని కన్నాలను మూసేస్తుంది.

కాబట్టి ట్యాంకు నిండుగా ఉండాలి లేదా ఖాళీగా ఉండాలి. సగం ట్యాంకు మాత్రం వద్దు.

ఆరు నెలల లోపైతే నింపడమే మంచిది. ముందు ఫ్యూయల్ స్టెబిలైజర్ అనే మందును సీసా మీద రాసిన కొలత ప్రకారం ట్యాంకులో పోసి, తర్వాత పెట్రోలు నింపించండి. మందు బాగా కలుస్తుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మూత అంచు దాకా నింపించకండి, వేడికి పెట్రోలు ఉబ్బుతుంది, వేలెడు జాగా ఉండాలి. బంకు నుంచి ఇంటిదాకా తిప్పుకుంటూ వస్తే మందు కలిసిన పెట్రోలు ఇంజన్ దాకా చేరుతుంది. (యానాం దగ్గరివాళ్లకు చెప్పక్కర్లేదు, ఫుల్ ట్యాంకు అనగానే ఎటు వెళ్లాలో వాళ్లకు తెలుసు.)

ఏడాది, రెండేళ్లు అయితే తీయించేయడమే మేలు. ఇక్కడ మీ బండి ఏ కాలందో చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌కు ముందు అమ్మిన స్కూటర్లలో ఎక్కువ భాగం కార్బొరేటర్‌వి (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత పద్ధతి). ఆ తర్వాతి బీఎస్-6 స్కూటర్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి (పంపుతో పెట్రోలు చిమ్మే పద్ధతి).

కార్బొరేటర్ బండికి ట్యాంకు వంచేశాక కార్బొరేటర్ కింది గిన్నెలో పెట్రోలు మిగిలి ఉంటుంది. దాన్ని మరిచిపోతే చేసిన పనంతా దండగే, జెట్లు, అంటే పెట్రోలు వెళ్లే సన్నని కన్నాలు, మూసుకుపోయేది దానివల్లే. గిన్నె అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద డబ్బా పెట్టి దాన్ని వదులు చేస్తే కారిపోతుంది, మళ్లీ బిగించేయండి. ఆరు నెలల కోసం ట్యాంకు నింపి పెట్టేవాళ్లు కూడా కార్బొరేటర్ గిన్నె మాత్రం ఖాళీ చేయాలి.

ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అది పెట్రోలులో మునిగి ఉంటేనే చల్లగా, నున్నగా తిరుగుతుంది. అందుకని పెట్రోలు అయిపోయి ఆగిపోయేదాకా బండిని ఆడించడం ఈ బండ్లకు మంచిది కాదు. తీయాలంటే మెకానిక్ చేతే తీయించండి.

పెట్రోలు తీసేటప్పుడు నోటితో ట్యూబు పీల్చకండి. ఆరుబయట, బీడీ, సిగరెట్టు కాల్చేవాళ్లెవరూ దగ్గర లేకుండా తీయండి. తాజా పెట్రోలైతే పక్కింటి కుర్రాడి బండిలో పోసేయండి, సంతోషిస్తాడు. కూల్‌డ్రింకు సీసాల్లో దాచకండి, పిల్లలు తాగే ప్రమాదం ఉంది. కాలువలో మాత్రం పోయకండి, దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువతోనే.

ఆయిల్ మార్పు బండి నిద్రకు ముందే చేయించాలి. "ఎలాగూ తిరగదు కదా, వచ్చాక మార్పిద్దాం" అనుకుంటారు. వాడిన ఆయిల్‌లో కాలిన పెట్రోలు మసి, ఆమ్లాలు, కొంత నీరు కలిసి ఉంటాయి. అవి నెలల తరబడి బేరింగులను అంటిపెట్టుకుని కూర్చుంటాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పాతది దింపించి, కొత్తది పోయించి, కొత్త ఆయిల్ అంతటా పాకేలా ఓ ఐదు నిమిషాలు తిప్పండి. ఎంత పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. గేర్ ఆయిల్ మార్చి చాలాకాలమైతే అది కూడా కానివ్వండి.

అదే దారిలో టైర్లలో గాలి కొట్టించండి. కంపెనీ చెప్పిన దానికంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ ఉన్నా నష్టం లేదు, నెలలు గడిచేకొద్దీ అదే దిగుతుంది.

కడగడం, ఆరబెట్టడం

కడగకుండా పెట్టిన బండికి మట్టి పట్టిన చోటల్లా తుప్పు వస్తుంది, ఎందుకంటే మట్టి తడిని పట్టి ఉంచుతుంది. చెరువు గట్ల మీద తిరిగిన బండైతే మడ్‌గార్డు లోపల, స్టాండు స్ప్రింగు దగ్గర, సైలెన్సర్ బోల్టుల సందుల్లో ఉప్పు మట్టి పేరుకుని ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపువాళ్లకు సముద్రపు గాలి ఉప్పు కూడా తోడు.

ఏ నీళ్లతో కడుగుతున్నారో చూడండి. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పు తీసి ఉప్పు రాసినట్టే. కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో, కనీసం చివరి రెండు బకెట్లు మంచినీళ్లు వాడండి. సైలెన్సర్ గొట్టంలోకి, ఎయిర్ ఫిల్టర్ వైపు, తాళం కన్నంలోకి నీళ్లు కొట్టకండి.

తుడిచాక ఓ అరగంట తిప్పుకు రండి (ట్యాంకు, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసే పని ఈ తిప్పడం అయ్యాకే పెట్టుకోండి). ఆ వేడికి సందుల్లో నీళ్లు ఆరిపోతాయి, తడిసిన బ్రేకులు కూడా ఆరతాయి. తర్వాత మంచి ఎండలో సీటు ఎత్తి ఒక పూట ఉంచండి. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి, ఒకటి రెండు రోజులు ఆగినా పర్వాలేదు.

ఆరిన తర్వాత పెయింటుకు వాక్సు పాలిష్, నట్లకు, స్టాండు కీలుకు, కిక్ రాడ్డుకు గ్రీజు లేదా మెషిన్ ఆయిల్ పల్చగా రాయండి. సైలెన్సర్‌కు, అది పూర్తిగా చల్లారాక, నూనె గుడ్డతో ఒక తుడుపు. కోనసీమలో ప్రతి పనికీ కొబ్బరినూనే గుర్తొస్తుంది గానీ ఇక్కడ వద్దు. కొన్నాళ్లకు అది ముక్కిపోయి జిగటగా మారుతుంది, చీమలూ ఎలుకలూ ఆ వాసనకే వస్తాయి. బ్రేకు డిస్కుకు, టైర్లకు, బెల్టు ఉండే ఎడమ పక్క పెట్టె లోపలికి ఏ నూనె చుక్కా తగలకూడదు.

ఇంజన్ లోపల

మూడు నెలలు దాటితే ఇది చేయించండి. సిలిండర్ గోడకు తడి గాలి తగిలి సన్నని తుప్పు పొర వస్తుంది, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అది పిస్టన్ రింగులను గీరేస్తుంది.

తాళం ఆఫ్‌లో ఉంచి స్పార్క్ ప్లగ్గు విప్పండి. చాలా స్కూటర్లలో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, చెంచాతో పోస్తే ఆయిల్ బయటికే కారుతుంది. సూది తీసేసిన సిరంజికి చిన్న గొట్టం తగిలించి 5 మిల్లీలీటర్ల కొత్త ఇంజన్ ఆయిల్ లోపలికి ఎక్కించండి. ప్లగ్గు కన్నం మీద గుడ్డ అడ్డం పెట్టి, కిక్‌ను చేత్తో నాలుగైదుసార్లు నెమ్మదిగా నొక్కితే ఆయిల్ గోడలంతా పాకుతుంది. ప్లగ్గును ముందు వేళ్లతోనే తిప్పి ఎక్కించి, చివర్లో మాత్రమే పానా వాడండి. సిలిండర్ వైపు మరలు అల్యూమినియంవి, వంకరగా ఎక్కితే పెద్ద ఖర్చు. కిక్ లేని బండైతే, ప్లగ్గు దగ్గరికి చెయ్యి వెళ్లకపోతే, మెకానిక్‌కు వదిలేయండి.

ఆ తర్వాత ఎవరూ స్టార్ట్ చేయకూడదు. చేస్తే పెట్టిన ఆయిల్ కాలిపోయి మొదటికొస్తుంది.

బ్యాటరీ

బ్యాటరీని బండిలో వదిలేయకండి. గడియారం, ఇంజన్ కంప్యూటర్, కొన్ని బండ్లలో తాళం చెవి తిప్పకుండానే పనిచేసే కీలెస్ వ్యవస్థ, ఇవన్నీ తాళం తీసేసినా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. స్కూటర్ బ్యాటరీ చాలా చిన్నది, పూర్తిగా దిగిపోయి కొన్ని వారాలుంటే మళ్లీ ఛార్జి పట్టదు.

కీలెస్ బండి ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కొన్నిటిలో సీటు తెరుచుకోవడానికి కూడా కరెంటే కావాలి. బ్యాటరీ లేనప్పుడు సీటు ఎలా తెరవాలో పుస్తకంలో చూసుకుని, ఆ తర్వాతే బ్యాటరీ తీయండి.

తీసేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. వైరు చివర్లకు వాజిలైన్ రాసి, పాజిటివ్ కొసకు ప్లాస్టిక్ కవరు చుట్టండి. బ్యాటరీని నిండా ఛార్జి చేయించి, పిల్లలకు అందని ఎత్తులో, ఎండ తగలని పొడి చోట ఉంచండి. గచ్చు మీద పెడితే ఛార్జి దిగిపోతుందని పెద్దవాళ్లు అంటారు గానీ ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ బెంగ లేదు, తడి తగలకపోతే చాలు.

నెలకోసారో, కనీసం రెండు నెలలకోసారో ఛార్జింగ్ పెట్టించాలి. నిండు బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.4 కంటే దిగితే పెట్టాల్సిందే. స్కూటర్ బ్యాటరీకి అర ఆంపియర్ లోపు కరెంటు చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని దానికి తగిలించకండి. పెద్ద బ్యాటరీకి ఇచ్చే కరెంటు ఇస్తే ఇది ఉబ్బిపోతుంది. ట్రాక్టర్ బ్యాటరీలు చూసే షాపులో ఇచ్చినా "తక్కువ కరెంటు మీద నెమ్మదిగా పెట్టండి" అని చెప్పి ఇవ్వండి. రెండేళ్లు వెళ్లేవాళ్లకు నా సలహా: బ్యాటరీ ఇప్పటికే మూడేళ్ల పాతదైతే ఈ తిప్పలు పడకుండా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, వచ్చాక కొత్తది కొనుక్కోండి.

నిలబెట్టడం, బ్రేకులు

సెంటర్ స్టాండ్ వేయండి. చాలా స్కూటర్లలో వెనక చక్రం పైకి లేస్తుంది, ముందుది నేల మీద ఉంటుంది. దాన్ని నెలకోసారి పావు చుట్టు తిప్పితే టైరు ఒకే చోట నొక్కుకుపోదు. ముందు చక్రం లేపాలని ఫుట్‌బోర్డు కింద దిమ్మ పెట్టకండి, కింద ప్లాస్టిక్ ఉంటే విరుగుతుంది.

బ్రేకు క్లిప్పు వేసి వదలొద్దు. డ్రమ్ము లోపల తడికి తుప్పు పట్టి బ్రేకు షూ అతుక్కుపోతుంది, చక్రం బిగుసుకునేది ఇందువల్లే. దొంగల భయానికి హ్యాండిల్ లాక్ వేసి, చక్రానికి గొలుసు కట్టండి.

ఎలుకలు, పురుగులు

సీటు కింద డిక్కీలో వేరుశనక్కాయ పొట్టు, పాత బిల్లులు, తుడుచుకునే గుడ్డ, అన్నీ తీసేయండి. గూడు కట్టడానికి సామాను మీరే ఇచ్చినట్టవుతుంది. కలరా ఉండలు నాలుగు గుడ్డలో మూటకట్టి డిక్కీలో ఒకటి, ఇంజన్ దగ్గర ఒకటి వేలాడదీయండి. వాసన పోతుంది కాబట్టి రెండు నెలలకోసారి మార్చాలి. షెడ్డులో బోను పెట్టించండి. మందు మాత్రం పెట్టొద్దు. మందు తిన్న ఎలుక మీ బండి ప్లాస్టిక్ డొప్పల మధ్యకు దూరి చస్తే, దాన్ని తీయడానికి బండంతా విప్పాలి.

సైలెన్సర్ కొసలో నూనె గుడ్డ ఉండ కుక్కండి. లేకపోతే కందిరీగలు మట్టితో మూసేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే కన్నానికీ ఒక గుడ్డ. ఈ రెండింటికీ ఎర్ర రిబ్బను కట్టి, దాని కొస బయటికి వేలాడేలా వదలండి, వచ్చాక తీయడం మరిచిపోకుండా.

ఇక పైన కప్పడం. ప్లాస్టిక్ పరదా, టార్పాలిన్ వద్దు. రాత్రి చల్లదనానికి లోపల నీటి చుక్కలు పట్టి, పగలంతా బండి ఆవిరిలో ఉడుకుతుంది. పాత నేత చీర రెండు మడతలు వేసి కప్పండి, దాన్ని మించిన కవరు బజారులో దొరకదు. అడుగున జానెడు ఎత్తు వదిలేసి కడితే గాలి ఆడుతుంది, ఎలుక ఎక్కడానికి నిచ్చెనలా ఉండదు.

కాగితాలు, తాళం చెవి

"తిప్పం కదా, ఇన్సూరెన్స్ ఎందుకు?" అని వదిలేస్తారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండితో ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ వస్తోంది గానీ, వరద, తుపాను, అగ్ని ప్రమాదం, దొంగతనం లాంటి సొంత నష్టానికి డబ్బు రావాలంటే ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండాలి. మన ప్రాంతంలో నిలబడి ఉన్న బండికి వచ్చే ముప్పులు ఇవే. గడువు ముగిసిన 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. వెళ్లేముందే చేయించండి లేదా ఫోనులో గుర్తు పెట్టుకోండి.

వచ్చేసరికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉంటుంది, అప్పుడు చూసుకోవచ్చు. ఆర్సీ, పాలసీ ఫొటోలు ఫోనులో ఉంచుకోండి.

తాళం చెవి ఎవరికి ఇస్తున్నారో ఆలోచించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి బండిని చూసే పెద్దమనిషి దగ్గర, అంతే. మైనరు పిల్లాడు నడుపుతూ దొరికితే 2019 సవరణ ప్రకారం బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉన్నాయి. బావమరిది కొడుకు ముచ్చటపడినా సరే, ఇవ్వొద్దు.

చూసే మనిషికి ఒక కాగితం రాసి గోడకు అంటించండి: నెలకోసారి చీర తీసి చూడాలి, చక్రం తిప్పాలి, గాలి చూడాలి, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టాలి, స్టార్ట్ చేయకూడదు. వరద నీరు వస్తే, ఇంజన్ మునిగితే, అసలు కిక్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే కిక్ దెబ్బకు లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే

పెట్రోలు, ఆయిల్ గొడవ లేదు గానీ బ్యాటరీ ఖరీదు బండిలో సగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి జాగ్రత్త ఎక్కువే కావాలి. లిథియం బ్యాటరీని నిండా ఛార్జి చేసి వదలకూడదు, పూర్తిగా దింపి వదలకూడదు. సగం నుంచి 60 శాతం మధ్య ఉంచి, నెలకోసారి చూసి, దిగితే మళ్లీ అంతవరకే ఎక్కించాలి. ఛార్జరుకు తగిలించి నెలల తరబడి వదిలేయొద్దు, పిడుగుల కాలం. చాలా బండ్లలో లైట్లకు, లాక్‌కు విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది చస్తే పెద్ద బ్యాటరీ బాగున్నా బండి లేవదు. కంపెనీ పుస్తకంలో దాని గురించి ఏం చెప్పారో చదివే వెళ్లండి.

తిరిగొచ్చాక

ప్రయాణ బడలికతోనే తాళం తిప్పకండి. చీర తీసే ముందు కర్రతో నాలుగు దెబ్బలు కొట్టండి, లోపల పాము ఉంటే వెళ్లిపోతుంది. సీటు కింద, ముందు డొప్ప వెనక టార్చి వేసి చూసి, వైర్లు కొరికి ఉన్నాయేమో పరీక్షించండి. ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు గుడ్డలూ, కలరా ఉండల మూటలూ తీసేయండి.

చక్రాలు చేత్తో తిప్పి చూడండి. బ్రేకు పిడి నొక్కి వదిలితే చక్రం స్వేచ్ఛగా తిరగాలి. డిస్కు బ్రేకు ఉంటే రెండేళ్లకు అందులోని బ్రేకు నూనె మార్చాల్సిందే, అది కూడా తేమ పీల్చుకుంటుంది. టైరు పక్కన సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

ట్యాంకు మూత తీసి వాసన చూడండి. మామూలు పెట్రోలు ఘాటు పోయి వార్నిష్ వాసన వస్తే దాన్ని తీయించేసి కొత్తది రెండు లీటర్లు పోయండి. మందు కలిపి ఆరు నెలల్లోపు వచ్చినవాళ్లకు సాధారణంగా ఈ అవసరం రాదు.

ఛార్జి చేసిన బ్యాటరీ పెట్టి, తాళం ఆన్ చేయకుండానే కిక్ నెమ్మదిగా ఐదారుసార్లు నొక్కండి, ఆయిల్ పైకి పాకుతుంది. అప్పుడు తాళం తిప్పండి. ఇంజెక్షన్ బండైతే పంపు చప్పుడు ఆగేదాకా రెండు సెకన్లు ఆగి సెల్ఫ్ నొక్కండి. మొదటి నిమిషం నీలిపొగ బాగానే వస్తుంది, సిలిండర్‌లో పోసిన ఆయిల్ అది, భయం అక్కర్లేదు. పది నిమిషాలైనా పొగ తగ్గకపోతే ఆపేసి మెకానిక్‌ను పిలవండి. స్టార్ట్ అయ్యి మళ్లీ మళ్లీ ఆగిపోతుంటే ప్లగ్గు ఆయిల్‌తో తడిసి ఉండొచ్చు, విప్పి తుడిచి పెట్టండి.

మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఊళ్లోనే, నెమ్మదిగా, బ్రేకు నొక్కి చూసుకుంటూ తిరగండి. ఏడాది దాటి నిలిచిన బండికి అదే వారంలో ఇంజన్ ఆయిల్ మళ్లీ మార్పించి, పొల్యూషన్ సర్టిఫికెట్ తీయించి, పాలసీ తేదీ చూసుకున్నాకే రావులపాలెం హైవే ఎక్కండి.